ఆమె గోదావరి బ్రిడ్జి

మస్కట్‌ను గోను తుఫాను ముంచిన మరుసటేడు, సలాలాలో నేను పనిచేసే ఇంటికి గోదావరి జిల్లా ఆమె ఒకతి వంటకు వచ్చింది. నాది కడప. ఆ ఇంటి చిన్నపిల్లను పాలబుడ్డి నాటి నుంచి పెంచింది నేను. అరబ్బుల బిడ్డే అయినా, అచ్చం మా ఊరి పిల్లలా ‘యాడికి పోతాండావ్?’ అని అడిగేది. దాన్ని ‘అమ్మీ’ అని పిలిచేదాన్ని. ఏడిస్తే ‘ఏడవాకమ్మీ, నేనుండా గదా’ అనేదాన్ని. అంతే, ఊరుకునేది.

అలాంటిది, ఆమె వచ్చి నెల తిరక్కుండానే, నేను పిలిస్తే పిల్ల గోదావరోళ్లలా ‘ఆయ్’ అని పలికింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

దీనికంతటికీ కారణం ఒక పోస్టుకార్డు. ఇంటి యజమానిని మేము బాబా అనేవాళ్లం. ఆయన వయసులో ఉన్నప్పుడు రష్యాలో చదువుకున్నాడు. అప్పటి బొమ్మల కార్డులు ఒక బిస్కెట్ డబ్బాలో ఉండేవి. పిల్ల అందులోంచి ఒకటి పట్టుకెళ్లి ఆమెకు చూపించింది. రంగు వెలిసిన నది, దాని మీద కమాన్ల వంతెన, వంతెన మొదట్లో తల వంచుకుని నిలబడ్డ రాతి సిపాయి. ఆమె కార్డును నైటీ అంచుతో తుడిచి మరీ చూసింది.

“ఇది మా రాజమండ్రి బ్రిడ్జండి” అంది.

ఇంకేముంది! రైలు బ్రిడ్జెక్కినప్పటి చప్పుడు, కిటికీలోంచి నీళ్లలోకి రూపాయి బిళ్ల విసిరి దండం పెట్టుకోవడం, అన్నీ చెప్పింది. మధ్యాహ్నం నా పక్కన పడుకునే పిల్ల కాస్తా కార్డు పట్టుకుని వంటింట్లోకి పరుగు. నేనేం చెప్పను? మా పెన్నలో ఇసుక తప్ప ఏముంది? ఇసుకలో చెలమ తీసి నీళ్లు తోడుకునే సంగతి చెప్పి చూశాను. ఆవలించింది.

కార్డు మీది రాతలు తెలుగు కావని నాకు తెలుసు. ఆ సిపాయి ఎవరని అడిగితే, మా వైపు విగ్రహాలకేం కొదవని తేల్చేసింది ఆమె. ఉండు, నీ పని చెప్తా అనుకున్నాను.

అక్కడ ఖరీఫ్ అనే వానాకాలపు తుంపర పడుతున్న ఒక సాయంత్రం బాబా వరండాలో టీ తాగుతున్నాడు. ఆమె కప్పులు తీయడానికి వచ్చిన సమయం చూసి, పిల్ల చేతిలో కార్డు తీసుకుని, ఆమెకూ అర్థమయ్యేలా, ఇది ఏ ఊరని హిందీలో అడిగాను. ఆయన చాలాసేపు చూశాడు. తాను చదువుకున్న ఊరట. ఆ సిపాయిని యుద్ధంలో పోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టారట. కొడుకుల్ని పోగొట్టుకున్న ముసలి తల్లులు పూలు పట్టుకుని ఆ వంతెన మీద నడిచి వచ్చేవాళ్లట. పిల్ల కోసం అదంతా అరబ్బీలో మళ్లీ చెప్పాడు.

నా కడుపు చల్లబడింది. ఆ అబద్ధాలకోరు ముఖం ఇక పిల్ల చూడదనుకున్నాను.

“నేను నిజంగానే మాదనుకున్నానండి” అంది ఆమె నాతో, మెల్లగా. కప్పులు తీసుకుని వంటింట్లోకి పోయి, సింకు దగ్గర గోడకు తిరిగి ఏడ్చింది.

పిల్ల నా చెయ్యి విదిలించుకుని పరుగెత్తింది. వెనకే పోయాను. అది ఆమె నడుముకు కూడా అందదు. అందినంత మేర వీపు నిమురుతోంది.

“ఏడవాకమ్మీ” అంది. “నేనుండా గదా.”

నా మాట, నా యాస, అక్షరం పొల్లు పోలేదు. చంకనేసుకుని నేర్పింది నేను. అది తీసుకెళ్లి ఆమెకిచ్చేసింది.