పొయ్యి మీద ఆరేసిన గడ్డం బ్రష్షు

నా చిన్నప్పుడు ఇంట్లో నాకు అప్పజెప్పిన మొదటి పని తాతయ్య గడ్డం బ్రష్షు కడగడం. పదేళ్ల పిల్లకు అదేం పెద్ద పని అనుకుంటారు. నాయనమ్మ దృష్టిలో మాత్రం అది చిన్న పని కాదు. మరిగే నీళ్లు తగలకూడదు, గోరువెచ్చని నీళ్లే పోయాలి. వెంట్రుకల మొదట్లో సబ్బు మిగలకూడదు. మెలితిప్పి పిండకూడదు, మెల్లగా విదిలించాలి. ఆ తర్వాత కుచ్చు కిందికి ఉండేలా వసారాలో మేకుకు వేలాడదీయాలి. నిలబెడితే నీళ్లు పిడిలోకి దిగి వెంట్రుకలు ఊడతాయట. ఎండలో పెట్టొద్దు, తడి మీద డబ్బాలో మూయొద్దు. ఇన్ని నియమాలు మా బళ్లో కూడా లేవు.

మాది కారేపల్లి దాటి అడవి వైపు పోయే దారిలో ఒక పల్లె. తాతయ్యకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, నోటి మాట పోయాయి. అంతకుముందు గడ్డం గీసుకోకుండా అన్నం ముందు కూర్చునేవాడు కాదు. అందుకని రోజూ పొద్దున్నే నాయనమ్మే గీసేది. అమ్మానాన్నలు తెల్లారకముందే పొలానికి పోతే వంట, పశువులు, తాతయ్యను పక్క మార్చడం అన్నీ ఆవిడ మీదే. ఆవిడ ఎంత అలసిపోయేదో అప్పుడు నా బుర్రకు ఎక్కలేదు. ఇప్పుడు బాగా ఎక్కింది. మూడేళ్లుగా మా ఆయన కూడా మంచం మీదే ఉన్నాడు.

ఆ ఏడు వానలు వారం రోజులు తెరిపి ఇవ్వలేదు. బ్రష్షు ఆరక బూజు వాసన కొట్టింది. నాయనమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, సరిగ్గా కడగలేదని నా మీద కేకలేసింది. నాకు రోషం వచ్చింది. మా ఇళ్లల్లో వానాకాలం బూజు పట్టకూడనిదల్లా పొయ్యి పైన వేలాడుతుంది. విత్తనానికి దాచిన జొన్న కంకులు అక్కడే పొగకు నల్లబడుతూ ఉండేవి. ఆ కంకుల పక్కనే బ్రష్షును కూడా పురికొసతో కట్టేసి, నా తెలివికి నేనే మురిసిపోతూ బడికి పోయాను.

తిరిగి వచ్చేసరికి పిడి ఒక్కటే వేలాడుతోంది. వేడికి లోపలి జిగురు కరిగి కుచ్చంతా ఊడి బూడిదలో పడింది. సగం వెంట్రుకలు మాడిపోయాయి. నాయనమ్మ తిట్టకుండా, బూడిదలోంచి వెంట్రుకలన్నీ ఏరి గుడ్డలో కట్టింది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

వాగు పొంగి బస్సు బందైంది. కొత్త బ్రష్షు తేవాలన్నా, మంగలాయన రావాలన్నా వాగు దాటాలి. నాయనమ్మ వేళ్లతో సబ్బు రాయబోతే తాతయ్య ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. మూడు రోజులకు గడ్డం తెల్లగా మొలిచింది. చూడటానికి వచ్చిన పక్కింటి పెద్దాయనకు కనపడకుండా ఎడమ చేత్తో దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. రెండు ముద్దలకే నోరు మూసేసేవాడు. ఇదంతా నా వల్లేనని నాకు తెలుసు.

నాలుగో రోజు మధ్యాహ్నం నాయనమ్మ మంచి వెంట్రుకలు ఏరి, మొదట్లో దారంతో బిగించి కట్టింది. కొడవలి పిడికి వేయడానికి దాచిన లక్క కరిగించి పిడిలో పోసి కుచ్చు నొక్కింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మెల్లగా అన్నది:

"పొగకు ఎండేది ఇత్తనాలు బిడ్డా, ఇది గాదు. దీన్ని గాలికి ఇడిసిపెట్టి ఊకుండాలె. జల్దీ ఎండాలంటే గిట్లనే అయితది."

లక్క గట్టిపడ్డాక బ్రష్షు నా చేతిలో పెట్టింది.

"నాకు చేతనైతలేదు. నురుగు నువ్వు రాయి, గీసేది నేను గీస్త."

చేత కావడం లేదని ఆవిడ అనగా నేను వినడం అదే మొదలు.

తాతయ్య బ్రష్షు వంక చాలాసేపు చూసి, ముఖం నా వైపు తిప్పాడు. నేను నురుగంతా రాసి వెనక్కి చూస్తే నాయనమ్మ గోడకు ఆనుకుని నిద్రపోతోంది. రేజరు గిన్నెలోనే ఉంది. పిలవబోయాను. తాతయ్య ఎడమ చెయ్యి ఎత్తి వద్దన్నాడు. కాసేపటికి నురుగు ఆరి బుగ్గలు బిగుసుకున్నాయి. బ్రష్షు వైపు వేలు చూపించాడు. మళ్లీ రాశాను. మళ్లీ ఆరింది. అలా మూడుసార్లు రాశాను. ఊడిన వెంట్రుకలు ఆయన చెంపకు అంటుకుంటున్నా కదల్లేదు. కళ్లు మాత్రం ఆవిడ మీదే ఉన్నాయి.

మెలకువ వచ్చి నాయనమ్మ సిగ్గుపడిపోయింది. తనను ఎందుకు లేపలేదని నన్ను కసిరింది. తర్వాత తాతయ్య ముఖం చూసి రేజరు అందుకుంది. గడ్డం గీసి, తుడిచింది. ఆ సాయంత్రం ఆయన కడుపునిండా తిన్నాడు.

వాగు తగ్గాక కొత్త బ్రష్షు వచ్చింది. దాన్ని ఏళ్ల తరబడి చెడిపోకుండా కాపాడాను. మా ఆయన బ్రష్షు కూడా మూడేళ్లయినా కుచ్చు చెదరలేదు. అదేమంత గొప్ప కాదు, కడిగి వేలాడదీస్తే ఎవరికైనా వస్తుంది.

నాతో మిగిలింది ఆ మధ్యాహ్నం. పొద్దున గడ్డం గీయడం అయ్యాక మంచం పక్కన కుర్చీలో కళ్లు మూసుకుంటాను. పాలు పొంగినా లేవను. మొదట్లో కోడలు ఏమనుకుంటుందోనని బెరుకుగా ఉండేది, ఇప్పుడు లేదు. అలసిపోయాను, అంతే. కళ్లు తెరిచేసరికి మా ఆయన నన్నే చూస్తూ ఉంటాడు. అప్పుడు గానీ దాహమవుతోందని సైగ చేయడు.