మా నాయన చూసిన ఎరుపు

మా వాడు పుట్టినప్పుడు అందరూ అచ్చం తాత పోలికే అన్నారు. ఆ ముక్కు, పెరిగాక ఆ నడక, నవ్వితే ఒక పక్కకు వంగే మూతి మా నాయనవే. అత్తగారింట్లో నా పుట్టింటి మనిషి ఒకడు తిరుగుతున్నట్టు ఉండేది. నేను తెగ మురిసిపోయాను. పోలికల్లో మనకు నచ్చినవే వస్తాయని అనుకున్నానో ఏమో.

మా నాయన యాపలదిన్నిలో కూలిపని చేసేవాడు. పత్తి తీయడంలో ఆయనను మించినవాడు లేడు. మిరపచేలో దిగితే మాత్రం పండుకాయతో పాటు పచ్చికాయ కూడా కోసేసేవాడు. "కండ్లు యాడ పెట్టుకున్నవురా?" అని మేస్త్రి అరిచేవాడు. ఇంటికొచ్చాక మా అమ్మ అందుకునేది: "పుట్టుకతోటి వచ్చిన బుద్ధి పుడకలతోటి గాని పోదు!" నాయన నవ్వి ఊరుకునేవాడు. నేను ఆయన పక్క సాలులోనే ఉండి, ఆయన సంచిలోంచి పచ్చివి ఏరి పారేసేదాన్ని. ఆయనది పరధ్యానమని నేనూ నమ్మాను. పని చేస్తూ చేస్తూ ఒక్కోసారి నిలబడిపోయి చేను వైపు చూసేవాడు. ఎండకు చేనంతా నీళ్ళలో నీడలా ఊగేది. అందులో ఆయనకు ఏం కనిపిస్తోందో ఎవరమూ అడగలేదు.

మా వాడికి చిన్నప్పటి నుంచీ రైలు పిచ్చి. కూత వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి వాకిట్లోకి ఉరికేవాడు. పెద్దయ్యాక రైలు డ్రైవరు ఉద్యోగానికి పరీక్ష రాసి నెగ్గాడు. నేను వీధంతా మిఠాయి పంచాను. ఇక కళ్ళ పరీక్ష ఒక్కటే మిగిలింది. పోయినవాడు సాయంత్రానికి తిరిగొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూలబడ్డాడు. రంగు చుక్కల మధ్య అంకె ఉందట. పక్కవాళ్ళందరూ చదివారట. వాడికి ఉత్త చుక్కలే కనిపించాయట.

రాయచూరులో కళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఎరుపూ పచ్చా విడివిడిగా తెలియని చూపు ఇదని, పుట్టుకతోనే వస్తుందని, మందు లేదని ఆమె చెప్పింది. "మీ నాన్నకు ఉందా?" అని అడిగింది. నాకు మిరపచేను గుర్తొచ్చి, సంచిలో పచ్చికాయల సంగతి చెప్పాను. ఆమె ఓపిగ్గా విడమరిచింది. ఆ లోపం ఎక్స్ క్రోమోజోములో ఉంటుంది. ఆడవాళ్ళకు అవి రెండు, మగవాళ్ళకు ఒకటే. రెండు దీపాలున్న ఇంట్లో ఒకటి ఆరినా వెలుతురుకు లోటుండదు, అందుకే నాకు ఏ తేడా తెలియలేదు. తండ్రి తన ఒక్కదాన్నీ కూతురికే ఇస్తాడు. కూతురు తన రెండింటిలో ఒకటి కొడుకుకిస్తుంది. ఏది ఇవ్వాలన్నది ఆమె చేతిలో ఉండదు.

ఆ రోజు నుంచి మా వాడు నాతో మాట్లాడడం మానేశాడు. పెడితే తినేవాడు, లేచిపోయేవాడు. వాడి నౌకరీ నా కడుపులోనే పోయిందని నాకు ఒకటే ఏడుపొచ్చేది. పళ్ళెంలో టమాటా ముక్క చూసినా, గోడ మీద చిలకను చూసినా ఇవి వాడికి ఎలా ఉంటాయోనని ఆలోచనలో పడేదాన్ని. నిండా చూపున్న కళ్ళు పెట్టుకుని వాడి లోకంలోకి ఒక్క అడుగు కూడా వేయలేకపోయాను.

చివరికి వాణ్ణి వెంటబెట్టుకుని యాపలదిన్నికి పోయాను. పొద్దు వాలుతోంది. నాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. డాక్టరమ్మ మాటలన్నీ చెప్పాను. ఆయన ముందుకు వంగి, "అంటే నేను పచ్చికాయ కోసింది సోయి లేక కాదు గద బిడ్డా?" అన్నాడు. డెబ్బై దాటిన మనిషి చిన్నపిల్లాడిలా నా మొహంలోకి చూశాడు. కాదు నాయనా అన్నాను. ఆయన మొహం ఒక్క క్షణం వెలిగి, మనవణ్ణి చూసేసరికి వాడిపోయింది.

"నా కండ్లే నీకొచ్చినయా కొడుకా? రైలు నా వల్లనే పోయిందా?"

మా వాడు లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు.

"తాతా, అమ్మ చీర నీకు ఏం రంగు కనపడుతది?"

నాయన కళ్ళు చికిలించాడు. "తడిసిన రేగడి మన్ను లెక్క."

"నాకు గూడ గట్లనే."

"ఇన్నేండ్లు నేనొక్కన్నే అనుకుంటి," అన్నాడు నాయన.

"ఇప్పుడు ఇద్దరమున్నం గద."

నేను కట్టుకున్నది కుంకుమరంగు చీర. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మా వాడు అరుగు మీద కాస్త జరిగి, ఇన్నాళ్ళకు నా వైపు తిరిగాడు.

"నువ్వు గూడ వచ్చి కూసో అమ్మా," అన్నాడు.