బెల్టు పెట్టెలో ఇనుప గుండు

మా మరిది కొత్తగా కారు కొన్నాడు. గిద్దలూరులో మా ఇల్లు మెరక మీద ఉంటుంది. వాకిలి నుంచి రోడ్డుకు దిగే సిమెంటు వాలు జారుడుబండే. దాని మీదే, ముక్కు కిందికి పెట్టి కారు నిలిపేవాడు.

ఆ పొద్దున నా కంటికి శుక్లం తీయించడానికి మార్కాపురం పోవాలి. ఆ రోజు తప్పితే డాక్టరు మళ్లీ ఎప్పుడు రమ్మంటాడో. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. నేను సంచి పట్టుకుని, కారు ముందు నుంచి చుట్టి వచ్చి వెనక కూర్చున్నాను. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ముట్టని సీటు బెల్టును మరిది ఆ రోజే లాగాడు. రాలేదు. పళ్లు బిగించి గుంజాడు. ఊహూ.

"వదిన ఎదురొచ్చింది. ఇంకేం పోతాం? ఇంకోనాడు చూద్దాంలే" అన్నాడు.

నా మొగుడు పోయినందుకు నాకంటే కారే ఎక్కువ బాధపడుతోందని నాకప్పుడు తెలిసింది.

పక్క సీట్లోని మరిది కూతురు ఫోన్లో వెతికింది. "నాయనా, బెల్టు చుట్టుకునే పెట్టెలో చిన్న ఇనుప గుండు ఉంటాదంట. గట్టిగా బ్రేకేసినా, బండి బాగా వాలినా అది దొర్లి కొక్కేన్ని లేపుతాది. కొక్కెం పోయి పళ్ల చక్రానికి తగులుకుంటే బెల్టు రాదు. నీ మాదిరి గబుక్కున గుంజినా రాదు."

"గుండుదేముందే! ఎవురెదురొచ్చినారో అది చూడు."

నేను కారు దిగాను. "నేను ఇంట్లోకి పోయి తలుపేసుకుంటా. అప్పుడు లాగు. వస్తే నా కన్ను ఇట్లనే పోనీ. రాకుంటే నోరు మూసుకోని బండి రోడ్డు మీదికి దించు."

తలుపు వేసుకున్నాను. మరిది గుంజాడు, పిల్ల మెల్లగా లాగింది. బెల్టు రాలేదు.

"తలుపు సందులోంచి చూస్తాందేమో" అన్నాడు మహానుభావుడు.

కారు చదునుగా ఉన్న రోడ్డు మీదికి దిగింది. ఈసారి మెల్లగా లాగితే బెల్టు మంచం నవారులా సరసరా వచ్చింది. నేను కావాలనే మళ్లీ కారు ముందు నుంచి, నిదానంగా నడిచి వచ్చి ఎక్కాను. మరిది బెల్టు తగిలించుకుని బండి తీశాడు.

కన్ను బాగైంది. నిమ్మకాయలు మాత్రం మానలేదు. కాకపోతే ఇప్పుడు బయల్దేరేటప్పుడల్లా లోపలికి కేకేస్తాడు:

"వదినా, ఒకసారి ముందుకొచ్చి నిలబడి చూడు, బండి సమంగా ఉందా?"