సేటు లాంటివాడు

‘నా ఆదర్శ వ్యక్తి’ అని పిల్లలకు వ్యాసం ఇచ్చినప్పుడల్లా నాకు ఆ మేస్త్రీయే గుర్తొస్తాడు. కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజుల్లో, బార్డోలీ నుంచి సూరత్ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాడు. నేను తెలుగువాణ్నని తెలిసి పలకరించాడు. మరమగ్గాల కార్ఖానాలో మేస్త్రీనన్నాడు. అతని ఫోన్ మాత్రం ఆగకుండా మోగుతోంది.

“ఎత్తండి, పర్లేదు,” అన్నాను.

“మా కార్ఖానా పిలగాండ్లు సార్. జరాలొచ్చినయ్, ఊరికి పంపియ్యుమంటున్నరు.”

“మీ సేటుకు చెప్పకపోయారా?”

“పోయినేడాది లాక్‌డౌన్ల నేను గిట్లనే ఆయనకు ఫోన్ చేసిన. ఫోనే బంద్ చేసి పెట్టుకున్నడు. మగ్గం నడిపేటప్పటి సంది గాయన లెక్క పెద్దోన్ని కావాలనుకునేటోన్ని సార్.”

ఫోన్ మళ్లీ మోగింది. దాన్ని స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకున్నాడు.

“పెద్దోన్ని అయిన సార్,” అన్నాడు. “అచ్చం గాయన లెక్కనే.”