వేరు పొయ్యి

2022 ఫిబ్రవరిలో దివిసీమలోని ఒక మండల పరిషత్తు కార్యాలయానికి విస్తరణాధికారిగా బదిలీ మీద వెళ్లాను. ఎంపీడీఓ గారి తరువాతి కుర్చీ నాది. పంచాయతీల పనులు చూడటం అసలు ఉద్యోగం. దానికి తోడు, అభ్యంతరాలు పడిన పెన్షన్ల మీద ఇంటికి వెళ్లి విచారించి నివేదిక రాసే పనీ నాకే అప్పగించారు.

నేను గుడివాడలో గిన్నెల కొట్టువాళ్ల పిల్లని. బేరమాడకుండా తోటకూర కట్ట కొన్న గుర్తు కూడా లేదు. మందుల షాపులో మాత్రలకి కూడా బేరం పెడతానని మావారు నలుగురిలో నవ్వేవారు. ఆ విద్య ఆఫీసులోనూ పనికొస్తుందని నాకు గట్టి నమ్మకం.

అప్పటి నిబంధన ప్రకారం పెన్షన్ రావాలంటే కుటుంబం మొత్తానికి నెల ఆదాయం పల్లెలో పదివేలు, పట్టణంలో పన్నెండు వేలు మించకూడదు. ఇందులో కుటుంబం అన్న మాటే కీలకం. ఒక పెద్దావిడకి సొంత రాబడి ఏమీ లేకపోయినా, కలిసి ఉంటున్న కొడుకు జీతం ఆవిడ ఖాతాలో లెక్కకొస్తుంది. కూలికి వెళ్లేవాళ్ల రాబడి ఎవరూ కొలవలేరు కాబట్టి వాళ్లు చెప్పిందే రాస్తాం. బ్యాంకులో జీతం పడే చిరుద్యోగి మాత్రం దొరికిపోతాడు.

అలా దొరికినవాడు జిలానీ. మచిలీపట్నంలో ఒక బట్టల కొట్టులో సేల్స్‌మన్, జీతం పదకొండు వేలు. తల్లి ఖైరున్నీసా గారికి అక్కడ వితంతు పెన్షన్ వచ్చేది. యజమాని అవనిగడ్డలో ఇంకో కొట్టు తెరిచి ఇతన్ని పంపితే, అద్దె తక్కువని పక్క పల్లెలో కాపురం పెట్టాడు. జీతం రూపాయి పెరగలేదు. మచిలీపట్నంలో పేదవాడిగా లెక్కకొచ్చిన మనిషి, పులిగడ్డ ఆక్విడెక్టు దాటి దివిసీమ పల్లెకి వచ్చేసరికి కాకుండా పోయాడు. పెన్షన్ ఇక్కడికి మార్చమని దరఖాస్తు పెట్టగానే అభ్యంతరం పడింది.

ఆఫీసుకొచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. "మందులదేముంది మేడమ్, ఎలాగో కొంటాను. పెన్షన్ వస్తుంటే అమ్మ ఇంట్లో కాస్త గట్టిగా మాట్లాడుద్ది. అది ఆగిందంటే మంచినీళ్లు అడగటానికి కూడా మొహమాటపడుద్ది" అన్నాడు.

నాకు జాలేసింది. జాలితో పాటు తెలివీ పుట్టుకొచ్చింది. విచారణకు వెళ్లినప్పుడు మేం మొదట అడిగేది పొయ్యి వేరా, ఒకటేనా అని. పొయ్యి వేరైతే కుటుంబం వేరు. "వసారాలో అమ్మకి ఒక పొయ్యి పెట్టించు. మిగతాది నేను చూసుకుంటాను" అన్నాను. ఈ సలహా అంతకుముందు చాలామందికి ఇచ్చాను, చాలామందికి పనిచేసింది కూడా.

తరువాతి వారం పంచాయతీ కార్యదర్శిని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరు ఇరుగుపొరుగువారి ఎదుట దరఖాస్తుదారు చెప్పింది రాసుకుని సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. పక్కింటి లక్ష్మి, ఎదురింటి పెద్దాయన వచ్చారు. వసారాలో పొయ్యి ఉంది, దాని మీద గిన్నె ఉంది. గిన్నెల కొట్టులో పెరిగిన కళ్లు కదా, అడుగున ఊడదీయని స్టిక్కరే ముందు కనబడింది. చూడనట్టు ఖైరున్నీసా గారి మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను.

"మామ్మగారూ, మీ అబ్బాయి మిమ్మల్ని చూడట్లేదు కదా? మీ వంట మీరే చేసుకుంటున్నారు కదా?"

ఆవిడ ఉలిక్కిపడి పక్కింటి వైపు తిరిగింది. "ఎవరన్నారమ్మా ఆ మాట?"

"అమ్మో, నేను కాదు పిన్నిగారూ, ఒట్టు!" అంది లక్ష్మి.

"నాకు చూపానదు. కవళ్ల చేపల కూర వండితే ముళ్లన్నీ తీసి నా పళ్లెంలో పెట్టాకే వాడు ముద్దెత్తుతాడు. అది రాసుకో" అంది ఆవిడ నాతో.

"అమ్మా, ఊరికే ఊఁ అను" అని జిలానీ గొణిగాడు.

నాలో కొట్టుమనిషి లేచింది. "ఒక్క మాటే కదా మామ్మగారూ. కాగితం మీద మాట. దాంతో మీ అబ్బాయికి పోయేదేమీ లేదు" అన్నాను.

"ఎంతిస్తారమ్మాయ్, ఆ మాటకి?"

పెన్షన్ ఎంతో చెప్పాను.

"నెలనెలానా?"

"నెలనెలా."

బేరం కుదిరిందనుకుని పెన్ను మూత తీశాను. ఆవిడ, "గిట్టుబాటు కాదమ్మాయ్. రేపట్నించి వీళ్ల ముందు నా కొడుకు తలెత్తుకు తిరగాలిగా" అంది. తరువాత కొడుకు వైపు తిరిగి, "ఎవడు నేర్పాడురా నీకీ తెలివి?" అని గద్దించింది.

జిలానీ తల వంచుకుని, "నాదే తప్పమ్మా" అన్నాడు.

నా పేరు అతను చెప్పలేదు. నేనూ చెప్పలేదు. పెన్ను మూత పెట్టడం, తీయడం అనే పనిలో చాలా తీరిక లేనట్టు కూర్చున్నాను.

వచ్చినవాళ్లకి టీ అయినా ఇవ్వకుండా పంపిస్తామా అని ఆవిడే కోడల్ని కేకేసింది. పొయ్యి ఎలాగూ తెచ్చాడు కదా, దాని మీదే పెట్టమంది. స్టిక్కర్ మాడిన కంపు వసారా అంతా నిండింది. ఆ టీ తాగి లేచాను.

కుమారునితో కలిసి ఉన్నారు, కుమారుడే పోషిస్తున్నాడు, కుటుంబ ఆదాయం పరిమితికి మించినది, కనుక అనర్హురాలు అని నివేదిక రాశాను. నా సర్వీసులో అంత నిజమైన నివేదిక ఇంకోటి లేదు. ఆవిడ పెన్షన్ ఆగిపోయింది. పల్లెకీ పట్టణానికీ మధ్య తేడాతో ఇలా నష్టపోతున్నవారి గురించి పైకి ఒక లేఖ పంపాను. జవాబు రాలేదు.

పరిమితి ఎంతో చెప్పడం, మించిందో లేదో చూడటం వరకే విచారణాధికారి పని. దాని కిందికి ఎలా దూరాలో నేర్పితే, దూరేటప్పుడు అవతలివాళ్లకి ఏం గీరుకుపోతుందో కూడా చూడాలి. నేను చూడలేదు. ఆ తరువాత పొయ్యి సలహా ఎవరికీ ఇవ్వలేదు. అంతకుముందు నా మాట విని, నా కొడుకు నన్ను చూడట్లేదని పదిమందిలో చెప్పి వేలిముద్ర వేసిన తల్లులు ఉన్నారు. వాళ్లకి ఆ బేరం గిట్టిందో లేదో నేను అడగలేదు.