బెల్లం మింగిన మెట్టు

మా గుడిలో ఒక పాత సింథసైజర్ ఉండేది. చర్చిని మేం గుడి అనే అంటాం. ఓడలో పనిచేసే సంఘస్థుడొకాయన ఎప్పుడో ఎనభైల్లో ఏదో రేవులో కొని, తెచ్చి గుడికిచ్చాడట. నిండా తిప్పే బొత్తాలు, కింద హార్మోనియానికి ఉన్నట్టే నలుపూ తెలుపూ మెట్లు. అయితే ఒకసారికి ఒక్క స్వరమే పలికేది. రెండు మెట్లు కలిపి నొక్కినా వినబడేది ఒకటే. పది వేళ్లున్న మనిషికి అంతకంటే చిన్నతనం ఉండదు. అయినా దాన్ని వాయించేది నేనొక్కదాన్నే కాబట్టి, వాయించగలిగేది కూడా నేనొక్కదాన్నే అని నా బడాయి. ఇంకెవరూ దాని జోలికి రాలేదన్న సంగతి నేనెప్పుడూ పైకి అనలేదు.

నేను మా అత్తవారింటికి కోడలిగా వచ్చిన ఏడాది కోతకాల పండుగకి దానికొక గండం వచ్చింది. ఆ పండుగకి అందరూ పండిన పంటలో కొంత గుడికి తెస్తారు. అనకాపల్లిలో పండిన పంటంటే బెల్లం రాకుండా ఉంటుందా? ముందున్న బల్ల గుమ్మడికాయలతో, అరటి గెలలతో నిండిపోయింది. చోటు లేక ఎవరో ఒక బెల్లం దిమ్మని సింథసైజర్ మీద పెట్టారు. ఆరాధనయ్యాక తెచ్చినవన్నీ వేలం వేసేటప్పుడు అదెవరి కంటా పడలేదు. ఆ వారమంతా ముసురు. మళ్లీ ఆదివారానికి దిమ్మ సగం కరిగి పాకం మెట్ల సందుల్లోకి దిగిపోయింది. పైపైన తుడిచాం, చీమల్ని దులిపాం. మిగతావి పలికాయి గానీ, మధ్యలో ఒక తెల్ల మెట్టు మాత్రం నోరు మూసుకుంది. ఆ స్వరం వచ్చినచోట నేను కాస్త ఖాళీ వదిలి, దాన్ని దాటేసి తర్వాతిదాని మీదికి వెళ్లడం నేర్చుకున్నాను. అలా ఏళ్లు గడిచిపోయాయి.

ఊళ్లో నెట్ సెంటర్లు వెలిసిన రోజుల్లో సంఘ పెద్దలు కొత్త కీబోర్డు కొనాలన్నారు. అది డప్పు కూడా అదే కొట్టుకుంటుందట. పాతదాన్ని ఇనప సామాన్లవాడికి ఇచ్చేద్దామన్నారు. సరిగ్గా అప్పుడే మా అత్తకి గొంతు దగ్గర గడ్డ బయటపడింది. ఈస్టర్ దాటగానే విశాఖపట్నంలో ఆపరేషన్. తర్వాత గొంతు మునుపటిలా ఉంటుందని చెప్పలేమన్నాడు డాక్టరు.

ప్రతి గుడ్ ఫ్రైడేకి, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఐదో మాట మీద ప్రసంగం అయ్యాక, మా అత్త ఒక కీర్తన పాడేది. సంఘమంతా వెనక అందుకునేది. ఆవిడ ఏడాదంతా ఎదురుచూసేది ఆ ఒక్క పాట కోసమే.

"ఆ కొత్తది నాకన్నా ముందు పరిగెడతాదే," అంది నాతో. "ఇదైతే నేనాగితే ఆగుతాది. ఈ ఒక్కసారికీ దీంతోటే పాడతాను. తర్వాత గొంతుంటాదో లేదో నాకేటి తెల్సు."

అంతే, నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. పెద్దల ముందు నిలబడి, గుడ్ ఫ్రైడేకి దీన్ని కొత్తదానిలా చేసిస్తాను, అప్పటిదాకా ఎవరూ ముట్టుకోవద్దు అన్నాను. నాకప్పటికి టార్చిలైటులో బ్యాటరీలు కూడా తిన్నగా వేయడం రాదు. నెట్ సెంటర్లో కూర్చుని ఎవరో తెల్లాయన రాసిన మరమ్మతు పద్ధతి ప్రింటు తీయించుకున్నాను. దాన్ని చంకలో పెట్టుకుని ఇంజనీరులా నడిచి వచ్చాను.

సింథసైజర్‌ని ఇంటికి తెచ్చి విప్పాను. మెట్ల కింద ఎండిన బెల్లం, చచ్చిన చీమలు, ఎవరిదో ముక్కుపుడక. మా ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు.

"విప్పడం ఎవరికైనా వత్తాది. బిగించడం సంగతి సూడు," అని ఆఫీసుకి వెళ్లిపోయాడు.

తీసిన మెట్లని కుంకుడుకాయ రసంలో నానబెట్టాను. ప్రింటులో తేలికపాటి సబ్బు అని ఉంది. మా ఇంట్లో అంతకంటే తేలికైనది లేదు. తోమి, కడిగి, చేటలో పోసి డాబా మీద నీడన ఆరబెట్టాను. పూడిమడక నుంచి ఎండుచేపలు తెచ్చే ఆవిడ మెట్లెక్కి వచ్చి చేటలోకి తొంగి చూసింది.

"ఏటమ్మా అవి, ఏ సేప?"

"పియానో చేప," అన్నాను ఒళ్లు మండి.

"మా కాడ దొరకదు," అని ఆవిడ చాలా మర్యాదగా వెళ్లిపోయింది.

ఒక్కో మెట్టుకీ వెనక ఒక స్ప్రింగు. ఏది దేనిదో కలిసిపోకుండా ఇడ్లీ రేకుల గుంటల్లో వరసగా పేర్చాను. నా తెలివికి నేనే మురిసిపోయి స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి రేకులు పొయ్యి మీదున్నాయి, స్ప్రింగులు గ్లాసులో ఉన్నాయి.

"అన్నీ ఒకేలాగున్నాయి కదా అని గ్లాసులో పోసేసేను. ఇడ్లీ తిను," అంది అత్త.

ఒకేలా ఉండవు, ఒక్కోదాని బిగువు ఒక్కో రకం, నా శ్రమంతా బూడిదలో పోశారు అని నేనెగిరాను. ఇడ్లీ ముట్టలేదు. గదిలో కూర్చుని ప్రింటు మళ్లీ చదివితే, స్ప్రింగులన్నీ ఒకటేనని మొదటి పేజీలోనే ఉంది. ఆకలికి ఆగలేక వంటింట్లోకి వెళ్లి చల్లారిన ఇడ్లీలు తిన్నాను. అత్త చట్నీ గిన్నె ఇటు జరిపింది. నాలుగు మాటలన్నా బాగుండేది.

ఇక ఆ మూగ మెట్టు. మెట్టు దిగితే దాని కింద సన్నని తీగ వెళ్లి ఒక ఇత్తడి కడ్డీకి తగలాలి. ఆ తగిలేచోట బెల్లం గట్టిపడి నల్లగా పెచ్చు కట్టింది. మెడికల్ షాపులో స్పిరిట్ తెచ్చి, దూదితో మెల్లగా తుడిచాను. బిగించి, కరెంటు రాగానే నొక్కితే పలికింది. గుండ్రంగా, కంచుగంటలా పలికింది. నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లూ ఈ ఒక్క స్వరం లేక సంఘమంతా ఎంత లోటుపడిందో, రేపు వినగానే ఎలా కరిగిపోతారో అని ఊహించుకుంటూ పడుకున్నాను. ఎవరెవరు వచ్చి మెచ్చుకుంటారో, వాళ్లకేం జవాబు చెప్పాలో కూడా అనుకున్నాను.

గుడ్ ఫ్రైడే. ఐదో మాట అయ్యింది. అత్త లేచి పాట ఎత్తుకుంది. పల్లవిలో స్వరం మెట్టు మెట్టుగా పైకి వెళ్లి, సరిగ్గా కొసన ఆ మెట్టు వస్తుంది. నేను ఒళ్లంతా వేలిలోకి తెచ్చుకుని నొక్కాను. గుడంతా ఖంగుమంది. ఖంగుమన్నది అదొక్కటే. అక్కడ అందరి నోళ్లూ మూసుకుని ఉన్నాయి. నేను దాటేసినచోట దాటేసి దాటేసి, వాళ్లు ఆ స్వరం లేకుండానే పాట నేర్చుకున్నారు. పిల్లలైతే అలాగే పుట్టి పెరిగారు.

అది అప్పుడే అర్థమైతే నేను నేనెందుకవుతాను? వాళ్లే తప్పారనుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు వాళ్లకి తెలిసేలా ఇంకా గట్టిగా నొక్కాను. అత్త పాపం ఈసారి నన్ను అందుకోబోయింది. స్వరం జీరపోయింది. దగ్గు వచ్చింది. చెయ్యి గొంతు మీదికి వెళ్లింది. అప్పుడు చూశాను. ఆ ఖాళీలోనే ఆవిడ ఊపిరి తీసుకునేది. గడ్డ ఉన్న మనిషికి ఆ పాటలో ఊపిరికి ఉన్న చోటు అదొక్కటే. ఆ చోటుని నేను కుంకుడు రసంతో కడిగి, స్పిరిట్‌తో తుడిచి మరీ మూసేశాను.

అత్త నావైపు చూసి మళ్లీ ఎత్తుకుంది. ఈసారి ఆ మెట్టు దగ్గరికి రాగానే వేలెత్తేశాను. నిశ్శబ్దంలో ఆవిడ ఊపిరి లోపలికి వెళ్లడం వినిపించింది. చివరి చరణం దాకా పాడింది, ఎక్కడా తొణకలేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే సంఘ పెద్ద ఒకాయన వచ్చాడు.

"అమ్మా, ఇన్నాళ్లూ బాగానే వాయించేదానివి. ఇయాల ఏటి, పాత మెట్టు పాడైపోనాదా?"

"బాగైపోయిందండి," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం డాక్టరు అన్నట్టే అయింది, బొంగురుపోయి, సన్నగిల్లి. చాలా వారాలు అత్త పాట ఊసే ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. పెద్దలు కొత్త కీబోర్డు కొన్నారు, పాతది మా ఇంట్లోనే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం అత్త దాని పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆ పాటెత్తు."

నేను వాయించాను. ఆవిడ మాట్లాడినంత మెల్లగా పాడింది. పల్లవి పైకి వెళ్లింది. ఆ చోటు రాగానే నేను అలవాటుగా వేలెత్తాను. అత్త ఆగిపోయింది.

"అది కాదే. ఇప్పుడక్కడ నొక్కు," అంది. "అంత పైకి నానెల్లలేను. నువ్వెల్లు. నాను ఊపిరి తీసుకుంటాను."