ఆగు అనే వేరియబుల్

శ్యామ్ బాబు తాతకి కాదనడం చేతకాదు. పళ్ళవాడు మెత్తబడిన అరటి అత్తం అంటగట్టినా "ఆయ్" అంటాడు, ప్రార్థనకి పదిమైళ్ళు రమ్మన్నా "ఆయ్" అంటాడు. "మీ నోటికి తలుపుంది గానీ గడియ లేదండీ" అని నానమ్మ సూరమ్మ దెప్పుతుంది.

అలాంటి మనిషికి తప్పులు పట్టే పని ఒప్పజెప్పేరు, ఓ కంప్యూటరు ప్రోగ్రామ్‌ని కలిసి రాసుకునే ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో. పాలిటెక్నిక్‌లో రిటైరయ్యాక కొత్తపేట ఇంటి వరండాలో కూచుని ఆ పని డబ్బు తీసుకోకుండా ఊరికే చేస్తాడు. కంప్యూటరు స్విచ్ వెయ్యగానే, అసలు సిస్టమ్ లేవకముందే, నల్లతెర మీద షెల్ అని ఓ చిన్న ప్రోగ్రామ్ లేస్తుంది. ఆదేశం టైపు చేస్తే చేసిపెడుతుంది. పేరు రాసిన డబ్బాలో ఓ అంకె వేసిపెడితే, చూసుకుని దాని ప్రకారం నడుచుకుంటుంది. ఆ డబ్బానే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అంటారు. ఎవరైనా కొత్త డబ్బా పెడదామంటే తాత చదివి సరే అనాలి, లేదా కాదనాలి. సరే అంటే పంపినవాడి పేరు కూడా అందులో ఉండిపోతుంది.

ఈసారి కొత్త డబ్బా పంపినవాడు విజయ్ కుమార్. ముప్పై ఏళ్ళు పక్కపక్క కుర్చీల్లో పాఠాలు చెప్పిన స్నేహితుడు. దానికి ఇంగ్లీషు అక్షరాల్లో "ఆగు" అని తెలుగు పేరే పెట్టేడు. పంపిన పన్నెండో రోజున పోయేడు.

షెల్ లేచాక ముందే రాసిపెట్టిన ఆదేశాలు తనే నడిపేస్తుంది. వద్దనుకుంటే మామూలుగా ఐదు సెకన్లలో కీ నొక్కాలి. ముసలి వేళ్ళకి అది అందదు. అందుకని "ఆగు"లో ఎంత వేస్తే అంతసేపు ఆగాలి, ఖాళీగా వదిలేస్తే కీ నొక్కేదాకా ఆగాలి అన్నాడు విజయ్ కుమార్.

ఆ ఖాళీ దగ్గరే తాతకి తప్పు కనిపించింది. రొయ్యల చెరువు గట్టున, నీళ్ళలోకి గాలి కొట్టే ఏరేటర్లు నడిపే కంప్యూటరు పెట్టెకి కీబోర్డు ఉండదు. అందులో ఎవరైనా ఆ డబ్బా ఖాళీగా వదిలేస్తే, కరెంటు పోయి వచ్చినప్పుడు నొక్కే నాథుడు లేక అది అలా నించునే ఉంటుంది. ఈలోగా గాలి అందక రొయ్యలు చచ్చి పైకి తేలతాయి.

తాత మూడు రోజులు దిద్దేడు. ఖాళీ వదలకూడదని రాసి చూసేడు. అప్పుడు మిగిలింది, ఎన్ని సెకన్లు ఆగాలో షెల్‌ని లేపేటప్పుడే చెప్పే పాత పద్ధతి. అది షెల్‌లో ఎప్పట్నించో ఉంది. తప్పు తీసేస్తే దానితోపాటు విజయ్ కుమార్ కూడా పోతున్నాడు.

ఆ మధ్యలోనే అతని కూతురు ప్రియాంక రావులపాలెం నుంచి ఫోను చేసింది.

"బాబాయిగారూ, నాన్నగారిది పెడతారు కదండీ? పేరుంటుంది కదండీ?"

"ఆయ్" అన్నాడు తాత. విన్నానమ్మా అని ఆయన ఉద్దేశం.

ఆ పిల్ల జ్ఞాపకార్థ కూడికలో లేచి, మా నాన్నగారి పేరు లోకంలో కంప్యూటర్లన్నిటిలో ఉంటుందని చెప్పేసింది. అందరూ ఆమేన్ అన్నారు. మన తాత కూడా అన్నాడు!

మర్నాడు పొద్దున్న, పదిసార్లు కొట్టి పదిసార్లు తుడిచి, ఆఖరికి కాదని రాసి పంపేడు. వెంటనే రావులపాలెం బస్సెక్కేడు.

ప్రియాంక కాఫీ ఇచ్చి ఎదురుగా కూచుంది. తాత రొయ్యల చెరువు సంగతి చెప్పేడు.

"మరి ఆరోజు ఆయ్ అన్నారు కదండీ?"

"విన్నానని అన్నాను తల్లీ."

"మా ఆయనా అదే అన్నారండీ. 'మనవాళ్ళ ఆయ్‌ని నమ్ముకుని అందరికీ చెప్పకే' అని. నేనే వినలేదు. ఆసుపత్రిలో నాన్నగారు అడిగేరు, నేను పంపింది ఎలా ఉందిరా అని. నా ఎదురుగానే బాగుందిరా అన్నారు మీరు."

"అన్నాను."

"అప్పటికి చదివేరా అండీ?"

తాత కాఫీ గ్లాసు కింద పెట్టేడు. "లేదమ్మా. నీరసంగా ఉన్నాడు కదా అని..."

"చదివి అప్పుడే చెప్పుంటే బాగుండేది కదండీ. ఇంకా పది రోజులున్నారు ఆయన. మంచం మీదైనా ఇంకోటి రాసేవారు."

ప్రియాంక పైట చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఆదివారం చర్చిలో ఆ మాట మీరే చెప్పండి బాబాయిగారూ. పేరుండదని. నేను మళ్ళీ లేచి చెప్పలేను."